కాటుక కళ్ల కండె

నేను దేవుళ్లను తయారు చేస్తానని చెబితే కొత్తవాళ్లు ముందు నా చేతుల వైపు చూస్తారు. శిల్పుల చేతులు ఎలా ఉంటాయో నాకు తెలియదు, నావి మాత్రం సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడి చేతుల్లా ఉంటాయి. నా సరుకంతా జనం వద్దనుకున్నదే. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలు విరిగినవి, దారం చుట్టుకునే కండెలు, పగిలిన గాజులు, కుక్కర్ విజిళ్లు, సైకిల్ చైన్లు, తిరగడం మానేసిన గడియారాల ముళ్లు. వీటిని చెక్క మీద బంకతోనూ సన్న ఇనుప తీగతోనూ కూర్చి అమ్మవారిని నిలబెడతాను. కాళికకు నాలుక కావాలంటే బండి వెనక లైటు పగిలిన ఎర్ర ముక్క ఉంది. ఒకాయన అలాంటి కాళికకు దండం పెట్టుకుని, లేచి, ఆ నాలుక తన బండిదేనేమోనని చాలాసేపు అనుమానంగా చూశాడు. నేనూ కాదనలేదు.

ఏడో తరగతిలో నేను బడి మానేశానని మా ఇంట్లో అంటారు. అప్పటికే బడి నన్ను మానేసి చాలా రోజులైందని నేనంటాను. ఆ తర్వాత వరంగల్ కొత్తవాడలో మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టాను, అక్కడి నుంచి పటాలు కట్టే దుకాణంలో చేరాను. ఈ పని నాకు అక్కడే అంటుకుంది. దేవుడి పటం అద్దం పగిలితే మనవాళ్లు ఇంట్లో ఉంచుకోరు, చెత్తబండిలోనూ వేయరు. కొందరు చెట్టు మొదట్లో ఆనించి వస్తారు. కొందరు మా దుకాణానికి తెచ్చి, బాగు చేయమని చెప్పి, మళ్లీ రారు. దుకాణం వెనక గదిలో వెంకటేశ్వర్లు, లక్ష్మీదేవులు ఒకరి మీద ఒకరు బోర్లా పడి ఉండేవాళ్లు. యజమాని ఆ గదిలోకి వెళ్లేటప్పుడు చెప్పులు విడిచేవాడు, ఎలుకల వాసనకు ముక్కు కూడా మూసుకునేవాడు. ఆ పటాల్లోంచి ఒకరి కిరీటం, ఒకరి చేయి కత్తిరించి, షెడ్డులో ఏరుకొచ్చిన నాడె మీద అతికించి మొదటి అమ్మవారిని చేశాను. ఇది ఏ దేవత అని యజమాని అడిగాడు. అందరూ వదిలేసిన దేవత అన్నాను. ఆయన దాన్ని తీసుకెళ్లి గల్లాపెట్టె పైన పెట్టుకున్నాడు.

చెత్తతో దేవుణ్ణి చేస్తావా అని ఎవరైనా కోపానికొస్తే మేడారం గుర్తు చేస్తాను. అక్కడ అమ్మలకు విగ్రహాలున్నాయా? వెదురు కర్ర, కుంకుమ భరిణె, అంతే. వెదురులోకి వచ్చిన తల్లి కండెలోకి రాదా అంటాను. వాళ్లు ఆలోచించేలోపు ఇంకో మాట అంటాను, వాళ్లు నవ్వుతారు, గొడవ అక్కడితో పోతుంది. నా బతుకంతా ఇలాగే నడిచింది. కష్టమైన మాట ఎదురైతే దాని పక్క నుంచి ఒక నవ్వును తోసేసి, అందరూ నవ్వును చూస్తుండగా నేను తప్పుకుంటాను.

నా భార్యది నెక్కొండ దగ్గర పల్లె. మా పెళ్లయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. దవాఖానలో ఇద్దరికీ పరీక్షలు చేశారు, ఇద్దరిలోనూ ఏ లోపమూ లేదన్నారు. లోపం ఉందంటే దాన్ని పట్టుకుని తిట్టుకునేవాళ్లం, మందు వేసుకునేవాళ్లం. ఏమీ లేదంటే ఎవరిని తిట్టాలి? అయినా ఆమె హన్మకొండలోని ఆ దవాఖానకు తిరుగుతూనే ఉంది. సూదులు వేయించుకునే రోజుల్లో పొట్ట మీద నల్లటి మచ్చలు కమిలేవి. వంట చేస్తూ చేస్తూ ఒక చేతిని పొట్ట మీద అదిమి పట్టుకునేది. నేను వెంట వెళ్లేవాణ్ణి, కానీ డాక్టరమ్మ గదిలోకి వెళ్లేవాణ్ణి కాదు. బయట బెంచీ మీద నాలాంటి మొగుళ్లు వరసగా దిగాలుగా కూర్చుని ఉండేవాళ్లు. వాళ్లను నవ్వించేవాణ్ణి. ఆ బెంచీ మీద నాకు మంచి పేరు ఉండేది. నేను రాని రోజు నన్ను అడిగేవాళ్లని కాంపౌండర్ చెప్పాడు.

చుట్టాలు "ఏమన్న విశేషమా" అని అడిగితే, ఉంది, మా ఇంట్లో కొత్త మిక్సీ కొన్నాం అనేవాణ్ణి. మొదట్లో ఆమె కూడా నవ్వేది. ఎప్పటి నుంచి నవ్వడం మానేసిందో నేను గమనించలేదు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో నా పని. ఆమె అటు రాదు. బంక వాసనకు కడుపులో తిప్పుతుందని, సూదుల రోజుల్లో అసలు పడదని చెప్పేది. అన్నం తినే వేళకు గుమ్మంలో నిలబడి పిలిచేది, అంతే.

అలాంటప్పుడు హన్మకొండ రోడ్డులో కొత్తగా ఫంక్షన్ హాల్ కట్టిన సార్ ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. గేటు లోపల, జనం వచ్చే దారిలో, మనిషెత్తు అమ్మవారు కావాలన్నాడు. పెళ్లిళ్లు జరుగుతాయి, సీమంతాలు జరుగుతాయి, బారసాలలు జరుగుతాయి, అందుకని చూడగానే తల్లి అనిపించాలి అన్నాడు. నేను అప్పటి వరకు చేసినవన్నీ కోపంగా ఉండే అమ్మవార్లు. ఇనుప సామానుతో కోపం తేలిక. తల్లితనం దేనితో చేస్తారో తెలియక చాలా రోజులు స్క్రాప్ దుకాణాల చుట్టూ తిరిగాను. పాలసీసాలు చూశాను, పాత ఉయ్యాల తొట్టెల చక్రాలు చూశాను. ఏదీ తల్లిలా లేదు, అన్నీ బొమ్మల దుకాణంలా ఉన్నాయి.

ఆ రోజుల్లోనే అత్తగారి ఊళ్లో ఒక పెళ్లికి నేనొక్కణ్ణే వెళ్లాల్సి వచ్చింది. ఆమెకు దవాఖాన ఉంది. అత్తమ్మ ఇల్లు గుట్ట కింద. గుట్ట మీద ఎల్లమ్మ గుడి, దాని ముందు వేపచెట్టు. సంతానం కావాలని మొక్కుకునేవాళ్లు ఆ చెట్టుకు గుడ్డతో చిన్న ఊయల కడతారు. జానెడు ఉంటుంది. అందులో పాపకు బదులు ఒక గులకరాయినో, చెక్క బొమ్మనో పడుకోబెడతారు. బిడ్డ పుట్టాక వచ్చి, కట్టినవాళ్లే దాన్ని విప్పి, అమ్మవారికి బోనం పెట్టి పోతారు. పెళ్లిలో అన్నం తిన్నాక అరగడానికని గుట్ట ఎక్కితే, గుడి ఊడ్చే అవ్వ చెట్టు కింద రాలిన ఊయలలను చీపురుతో కుప్ప చేస్తోంది. ఎండకు దారాలు చీకిపోయి, గాలికి తెగి పడినవి. రంగులు వెలిసిన జాకెట్ గుడ్డలు, తువ్వాలు కొసలు, పాలిస్టర్ చీరల ముక్కలు. నాకు వెంటనే తెలిసిపోయింది, నేను వెతుకుతున్నది ఇదే.

వీటిని ఏం చేస్తావని అడిగితే కాలబెడతానంది అవ్వ. నాకిస్తావా అన్నాను. ఆ ఊళ్లో నేను అందరికీ అల్లుణ్ణే, కాబట్టి ఎవరైనా నన్ను ఏమైనా అనొచ్చు.

"మా ఊరి పిల్లను తీస్కపోయినవ్ అల్లుడా, ఇప్పుడు చెత్తగూడ తీస్కపోతవా?" అంది.

పిల్లను తీసుకెళ్లినందుకు నాకు కట్నం తక్కువైందని, అది చెత్త రూపంలో వసూలు చేస్తున్నానని చెప్పాను. అవ్వ బోసినోటితో పడీపడీ నవ్వి, కేసముద్రం మార్కెట్ ముద్ర ఉన్న గోనెసంచి ఒకటి వెతికి ఇచ్చింది. సంచి నింపుకుని సాయంత్రం బండికి వరంగల్ వచ్చేశాను.

పని మొదలుపెట్టాను. నాడెలను పక్కటెముకల్లా వంపుగా బిగించాను. వాటి నుంచి ఊయలలను వేలాడదీశాను. భుజాల దగ్గర కొన్ని, రొమ్ముల దగ్గర కొన్ని, కింద కుచ్చిళ్లలాగా వరసలు వరసలుగా. షెడ్డులోకి గాలి వస్తే అమ్మవారి ఒళ్లంతా మెల్లగా ఊగేది. నేను చేసినవాటిలో ఒక్కదానికైనా ప్రాణం ఉన్నట్టు నాకు అనిపించడం అదే మొదటిసారి. చాయ్ తాగడం కూడా మరిచిపోయాను.

ఆ ఊయలల్లో ఒకటి వేరుగా ఉంది. ఆకుపచ్చ జాకెట్ గుడ్డ, పసుపు అంచు. లోపల రాయి లేదు, కండె ఉంది. మా మరమగ్గాల్లో వాడే కండె. దానికి కాటుకతో కళ్లు దిద్దారు, కుంకుమతో పెదవి దిద్దారు, నడుముకు గుడ్డపీలిక చుట్టి దారంతో కట్టారు. ఒక కన్ను మనల్ని చూస్తుంది. రెండోది సగం మూసుకుపోయి, నిద్రలోకి జారుతున్నట్టు ఉంటుంది. పాలు తాగుతూ తాగుతూ నిద్రపోయే పసివాళ్ల కళ్లు అలాగే ఉంటాయి. నేను ఏళ్ల తరబడి దేవుళ్ల కళ్లు దిద్దుతున్నాను, నాకు అలాంటి కన్ను ఒక్కటీ రాలేదు. కొత్తవాడ నుంచి ఎవరో నేతపని వాళ్లావిడ అంత దూరం వెళ్లి మొక్కుకుని ఉంటుంది అనుకున్నాను. ఆ ఊయలను అమ్మవారి కడుపు దగ్గర, ఖాళీగా వదిలిన చోట, ఒక్కదాన్నే వేలాడదీశాను. మిగతావన్నీ దాని కోసమే ఉన్నట్టు కుదిరింది.

మంచి పని కంటపడితే కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు. చాయ్ దుకాణంలో చెప్పాను, స్క్రాప్ దుకాణంలో చెప్పాను. శుక్రవారం సార్ వచ్చి అమ్మవారిని తీసుకుపోతాడనగా, ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఆమెకూ చెప్పాను. ఎవరో గానీ చేయి తిరిగిన మనిషి, కండెకు కళ్లు దిద్దింది, నాకన్నా బాగా దిద్దింది, ఆమె ఎవరో తెలిస్తే షెడ్డులో కూర్చోబెట్టి నేను వంట చేసుకుంటాను అని.

ఆమె చారు పోస్తోంది. గరిటె గిన్నెలో పెట్టేసి, ఆ గుడ్డ ఏ రంగని అడిగింది. ఆకుపచ్చ అన్నాను. అంచు? పసుపు.

ఆమె లేచి షెడ్డు వైపు నడిచింది. చేయి కడుక్కోకుండానే నేనూ వెనక వెళ్లాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మా గల్లీలో మరమగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోతే చెవులు గుయ్యిమంటాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె అమ్మవారి ముందు నిలబడి ఉంది. ముఖం చూడలేదు, చేతులు చూడలేదు. నేరుగా కడుపు దగ్గరికి వెళ్లి, ఊగుతున్న ఊయలను వేలితో ఆపింది.

నేను ఇంకా మెప్పు కోసమే ఎదురు చూస్తున్నాను. "ఎవలో మన కొత్తవాడ ఆమెనే అయ్యుంటది" అన్నాను.

"నేనే" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె ఊయల వైపే చూస్తూ చెప్పింది. కండె నా డబ్బాలోంచే తీసుకుందట. జాకెట్ గుడ్డ నిరుడు పండగకు నేను తెచ్చిందే, మిగిలిన ముక్క టైలర్ తిరిగి ఇస్తే దాచిందట. వాళ్లమ్మను చూసి వస్తానని వెళ్లినప్పుడు గుట్ట ఎక్కిందట. వాళ్లమ్మకు కూడా చెప్పలేదు.

నేను తెచ్చిన గుడ్డ, నా డబ్బాలోని కండె. చేతిలో పట్టుకుని మెచ్చుకున్నానే గానీ గుర్తుపట్టలేదు.

"ఇద్దరు పట్టుకొని కట్టాలె అది" అంది ఆమె. "ఒక కొస మొగోడు, ఒక కొస ఆడిది. నేనొక్కదాన్నే కట్టిన. ఒక కొస పండ్లతోని పట్టుకున్న."

"నన్ను పిలువకపోయినవా?"

"పిలుస్తే వస్తువు. వచ్చి ఆడ అందర్ని నవ్విస్తువు."

ఆమె చెప్పింది అక్షరాలా జరిగి ఉండేది. అవ్వను నవ్వించేవాణ్ణి, పూజారిని నవ్వించేవాణ్ణి, కొమ్మ అందక ఎగిరినట్టు నటించేవాణ్ణి. అవన్నీ నాకు కళ్ల ముందు కనిపించాయి.

"ఒక్క చేతి ముడి గద, అందుకే పడ్డది" అంది.

గాలికి పడి ఉంటుందన్నాను. వాటితో పాటు ఎన్నో పడ్డాయని, చెట్టు కింద కుప్పలుగా ఉన్నాయని చెప్పాను. ఓదార్చాలనే చెప్పాను. చెబుతున్నప్పుడే తెలిసింది, ఒక్కదాని మొక్కు పోయిందని బాధపడుతుంటే ఊరందరి మొక్కులూ పోయాయని చెబుతున్నానని.

ఆమె నా వైపు తిరిగింది.

"నీకు కావాల్నా, వద్దా? ఒక్కసారి నవ్వకుంట చెప్పు."

తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ అడగలేదు, అత్తమ్మ అడగలేదు, పెళ్లయిన మనిషికి కావాలనే ఉంటుందని అందరూ అనుకున్నారు. నన్ను నేను కూడా అడగలేదు. నాలుక మీదికి ఏదో వంకర మాట వచ్చింది, నాకు తెలుసు, ఎప్పుడూ వస్తుంది. దాన్ని మింగితే వెనక ఏముందో నాకే తెలియదు. మరమగ్గాలు నడుస్తుంటే ఆ చప్పుడులో ఏదో గొణిగి బయటపడేవాణ్ణి. కరెంటు రాలేదు.

"కావాలె" అన్నాను. "అడిగితే కాదంటరేమోనని అడుగలె."

"ఎవరు?"

"ఎవరన్న."

ఆమె జాలి పడుతుందనుకున్నాను, పడలేదు.

"నేను అడుగుతనే ఉన్న గద. నన్ను కాదంటనే ఉన్నరు గద. నేనేమన్న సచ్చిన్నా?"

కరెంటు వచ్చింది. మగ్గాలు ఒకటొకటిగా అందుకున్నాయి. ఇక మాట్లాడితే అరవాలి, అరిచే మాటలు కావు అవి. నేను కటింగ్ ప్లయర్ తీసుకుని ఆమె ఊయల తీగ కత్తిరించబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, మిగతా ఊయలల వైపు చేయి చూపించింది. నా ఒక్కదేనా అని అడుగుతోందో, ఇవన్నీ ఎవరివనుకున్నావని అడుగుతోందో, రెండూ ఒకటే. నా పక్కన నేల మీద కూర్చుంది. బంక వాసన అలాగే ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒక్కొక్క ఊయలను తీగ నుంచి విప్పడం మొదలుపెట్టింది.

నేను కత్తిరిస్తున్నాను, ఆమె విప్పుతోంది. కొన్నింటి ముడులు చూసి ఆగిపోయేది. ఒకదానికి ఎవరో తాళిబొట్టు పసుపుతాడు ముక్కతో ముడి వేశారు. ఒకదానిలో గులకరాయికి దిష్టిచుక్క పెట్టారు, రాయి బుగ్గ ఎటు వైపో వాళ్లకు ఎలా తెలిసిందో. నేను వాటిని ఇంతకు ముందు రంగుల లెక్కన చూశాను, ఎరుపు పైకి, తెలుపు కిందికి అని. ఇప్పుడు చూస్తుంటే ప్రతిదాని వెనకా ఒక బెంచీ కనిపించింది, బెంచీ మీద ఒక మొగుడు. వాళ్లలో ఎందరు కొస పట్టుకున్నారో, ఎందరు భార్యలు పళ్లతో పట్టుకున్నారో. సాయంత్రానికి అమ్మవారి ఒంటి మీద నాడెలు తప్ప ఏమీ మిగల్లేదు. కడుపు దగ్గర తీగ కొస ఒకటి వంగి ఉంది.

శుక్రవారం సార్ వచ్చాడు. నేను పంపిన ఫోటోలో చూసిన గుడ్డలన్నీ ఏవని అడిగాడు. వేరేవాళ్లవి, తిరిగి ఇస్తున్నామని చెప్పాను. పారేసినవాటికి వేరేవాళ్లేమిటని ఆయన విసుక్కున్నాడు. నేను నోరు తెరిచేలోపు వెనక గుమ్మంలోంచి ఆమె అంది.

"పారేయలే సార్. పడిపోయినయి."

ఆయనకు ఆ రెండింటి తేడా అర్థం కాలేదు. అర్థం కావాలని ఆమె ఎదురు చూడనూ లేదు, లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆయనకు గాజులతో, అద్దం ముక్కలతో ఇంకో అమ్మవారిని చేసిచ్చాను. తళతళలాడుతుంది. పెళ్లికొచ్చినవాళ్లు దాని ముందు ఫోటోలు దిగుతారు. తల్లిలా మాత్రం లేదని సార్ ఇప్పటికీ అంటాడు, నాకూ అలాగే అనిపిస్తుంది.

మరుసటి వారం ఇద్దరం పొద్దుటి బండికి నెక్కొండలో దిగి, ఆటోలో ఊరికి చేరాం. గోనెసంచి నా భుజం మీద. గుట్ట ఎక్కుతుంటే ఆమె ముందు నడిచింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది, సంచి నాకు బరువుగా ఉందా అని మాత్రం అడగలేదు. పైన అవ్వ మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టింది.

"ఏందల్లుడా, పిల్లను, చెత్తను ఇద్దర్ని వాపస్ తెచ్చినవా?"

జవాబు నా దగ్గర తయారుగా ఉంది. చెప్పలేదు. నేను చెప్పకపోవడం చూసి అవ్వ ముఖంలో నవ్వు తగ్గింది. ఆమె అవ్వ పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. వేరేవాళ్ల ఊయలలను మళ్లీ కట్టొచ్చా అని అడిగింది. అవ్వను ఇలా ఎవరూ అడిగినట్టు లేదు. వాళ్ల మొక్కు మీరు మొక్కొద్దు, ఉత్తగా కొమ్మకు తగిలించండి, ఎవరిది ఏదో అమ్మకు తెలుసు అంది. వానలు పడితే మళ్లీ రాలతాయని, మళ్లీ తానే ఊడ్వాలని కూడా అంది. ఊడ్వాల్సి వస్తుందని తిట్టుకుంటూనే, కొమ్మలు వంచి పట్టుకుంది.

అన్నీ తగిలించాక ఆమె కొంగులోంచి తన ఊయల తీసింది. కొత్త దారం తెచ్చింది. ఒక కొస తాను పట్టుకుని, ఇంకో కొస నాకు అందించింది.

"పైకి చెప్పుండ్లి" అంది అవ్వ. "మనసుల మొక్కుతే నాకినబడది."

అవ్వకు ఎందుకు వినబడాలో నాకు తెలియదు. నా దారం కొస కొమ్మ మీద నిలవడం లేదు. ఆమె ముందు చెప్పింది, గబగబా, ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటల్లా. తర్వాత నా వంతు వచ్చింది.

"అమ్మా, మాకొక బిడ్డ కావాలె" అన్నాను.

ఆమె నా మొహాన్ని వెతికింది. ఎక్కడైనా, కంటి చివరనో పెదవి మూలనో, నవ్వు దాక్కుని ఉందేమోనని చూసింది. తర్వాత తన కొస నా కొస మీదుగా తిప్పి బిగించింది. నేను బిగించిన వైపు వదులుగా ఉంది. ఆమె చూసింది, సరిచేయలేదు. నేనే మళ్లీ విప్పి గట్టిగా కట్టాను.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. ఇంకా ఏమీ కాలేదు.

ఇప్పుడు డాక్టరమ్మ గదిలోకి ఇద్దరం వెళతాం. లోపల కుర్చీలు రెండున్నాయి. డాక్టరమ్మ చెప్పేది నాకు సగం అర్థమవుతుంది, మిగతా సగం నా భార్య తర్వాత ఆటోలో చెబుతుంది. ఈ మందులు ఇంక ఎక్కువ కాలం వాడలేమని మొన్న డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నాకు ఎవరూ విడమర్చాల్సిన పని లేకుండా అర్థమైంది. బయటికొస్తే బెంచీ మీద కొత్త మొగుళ్లు ఉన్నారు. కాంపౌండర్ నన్ను చూసి, కూర్చో అన్నట్టు జరిగి చోటిచ్చాడు. ఇంకోసారి వస్తానని చెప్పి నా భార్య చేతి సంచి అందుకుని నడిచాను.

షెడ్డులో పని నడుస్తోంది. ఊరి చివర చెట్ల కింద ఏదైనా కనిపిస్తే, అది పడిందా పారేసిందా అని చూసి గానీ ముట్టుకోను. చాలాసార్లు తెలియదు. తెలియనివి అక్కడే వదిలేసి వస్తాను. దానివల్ల సరుకు తగ్గింది, అమ్మవార్లు సన్నబడ్డారు.

గాలివాన వచ్చినప్పుడల్లా నాకు గుట్ట మీది కొమ్మ గుర్తొస్తుంది. మొన్న పెద్ద వాన పడింది, నెక్కొండ వైపు చెట్లు కూలాయని ఎవరో అన్నారు. ఆమె నీళ్లు పట్టుకోవడానికి వెళ్లినప్పుడు చూసి అత్తమ్మకు ఫోన్ చేశాను. ఆరోగ్యం అడిగాను, పొలం అడిగాను, చివరికి గుట్ట దాకా పోయి మాది ఉందో లేదో చూసి చెబుతావా అన్నాను.

"మీ ఇద్దరు కలిసి నా ప్రాణం తీస్తర బిడ్డా" అంది అత్తమ్మ. "పొద్దున ఆమె చేసింది, ఇప్పుడు నువ్వు చేస్తానవ్. ఉంది, మంచిగనే ఉంది. నా మోకాళ్లే మంచిగ లేవు."

అత్తమ్మ నిజంగా గుట్ట ఎక్కి చూసి చెప్పిందో, గడపలో కూర్చుని చెప్పిందో నేను అడగలేదు. రాత్రి అన్నం తింటూ నా భార్యను అడిగాను, మీ అమ్మ గుట్ట ఎక్కిందో లేదో నువ్వు అడిగావా అని. తానూ అడగలేదట.